దారం తెగిన మాటలు

పోయిన ఏడాది ఒక పరిశోధక విద్యార్థిని మా ఇంటికొచ్చింది. ఇంటర్నెట్‌లో తెలుగు స్త్రీలు చేసిన చర్చల మీద పనిచేస్తోందట. "మేడం, 2001 ప్రాంతంలో మీరంతా కలిసి ఒక ఈమెయిల్ గ్రూపు నడిపారట కదా, ఆ ఉత్తరాలు ఇస్తారా?" అని అడిగింది. "దానికేముందమ్మా, ఇస్తాను" అన్నాను ధీమాగా. ఆ అమ్మాయి కాఫీ తాగి వెళ్ళాక కంప్యూటర్ ముందు కూర్చున్నాను. మా గ్రూపుకి చోటిచ్చిన సైటు ఎప్పుడో మూతపడింది. మూసేముందు ఉత్తరాలు దించుకోమని కబురు పంపే ఉంటారు. నేనా ఈమెయిల్ తెరిచి పదేళ్ళు దాటింది. పాత కంప్యూటర్‌ని పాత సామాన్లవాడికి ఇచ్చేసిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది. మిగతా స్నేహితులకి ఫోన్లు చేశాను. ఎవరి దగ్గరా ఏమీ లేదు. పద్దెనిమిది మంది ఆడవాళ్ళం ఐదేళ్ళపాటు, వంటిల్లు సర్దుకున్నాక రాత్రిళ్ళు కూర్చుని రాసుకున్న మాటలు ఎక్కడా లేవు.

రెండు రోజుల తర్వాత అటక మీద ఒక అట్ట ఫైలు కనిపించింది. మా గ్రూపులో ఒకావిడకి కంప్యూటర్ లేదు. రిటైరైన తెలుగు టీచరు, గుంటూరు జిల్లాలో ఒక పల్లెలో ఉండేవారు. మా చర్చల సంగతి ఎవరి ద్వారానో విని "నన్నూ కలుపుకోండమ్మా" అన్నారు. నేను వారానికోసారి ముఖ్యమైన ఉత్తరాలు ఆఫీసు ప్రింటర్ మీద తీసి, పోస్టులో పంపేదాన్ని. ఆవిడ ఇన్‌లాండ్ లెటర్ మీద జవాబు రాసేవారు. దాన్ని ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేసి గ్రూపులో పెట్టేదాన్ని. ఆవిడ పోయాక వాళ్ళబ్బాయి ఆ కాగితాలన్నీ తెచ్చి నాకిచ్చాడు. మా ఐదేళ్ళ మాటల్లో ఈరోజు మిగిలినవి, ఇంటర్నెట్ లేని ఒక మనిషి కోసం కాగితం మీదికి ఎక్కినవి మాత్రమే.

సోషల్ మీడియా వచ్చి చర్చావేదికల్ని చంపేసిందా అని ఈమధ్య చాలామంది అడుగుతున్నారు. ఆ ఫైలు ముందు పెట్టుకుని జవాబు వెతుక్కుంటున్నాను. చావు కబురు చెప్పేముందు, పుట్టుక ఎలాంటిదో, ఆ ఇంట్లో మనకి చోటెంతో కూడా చూడాలి కదా.

చర్చావేదికకి ఒక పద్ధతుంది. విషయానికి ఒక పేరుంటుంది. ఒకరు మొదలుపెడతారు, జవాబులు దానికింద వరసగా చేరతాయి. ఆ వరసని త్రెడ్ అంటారు, అంటే దారం. పది రోజులు ఆలస్యంగా వచ్చిన మనిషైనా మొదటినుంచీ చదువుకుని, కొస పట్టుకుని తన మాట ముడివెయ్యొచ్చు. 1979లో అమెరికాలో డ్యూక్ యూనివర్సిటీ విద్యార్థులు టామ్ ట్రస్కాట్, జిమ్ ఎల్లిస్ ఆలోచించి, 1980లో నడకలోకి తెచ్చిన యూజ్‌నెట్ ఈ పద్ధతిని ప్రపంచానికి అలవాటు చేసింది. 1990ల తొలి ఏళ్ళకి అందులో తెలుగువాళ్ళకీ ఒక గుంపు ఏర్పడింది. సోక్ కల్చర్ ఇండియన్ తెలుగు దాని పేరు. తెలుగు అక్షరాలు తెరమీద కనిపించని కాలం అది. రైస్ యూనివర్సిటీలో ఉన్న తెలుగు విద్యార్థులు ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసే ఆర్టీయస్ పద్ధతిని తయారుచేశారు. పెద్దక్షరం పెడితే ఒక ధ్వని, చిన్నక్షరం పెడితే ఇంకొకటి. ఆ కష్టానికి ఓర్చుకుని పద్యాల మీద, వ్యాకరణం మీద, సినిమాల మీద గంటల తరబడి వాదించుకున్నారు. తర్వాత 'తెలుసా' అనే ఈమెయిల్ బృందం, ఆ పైన 'రచ్చబండ' వచ్చాయి. 1998లో మొదలైన 'ఈమాట' పత్రికని పెట్టినవాళ్ళూ, చదివినవాళ్ళూ చాలావరకు ఈ వాతావరణంలోంచి వచ్చినవాళ్ళే.

రచ్చబండ అన్న పేరు దగ్గర నేనెప్పుడూ ఒక్క క్షణం ఆగుతాను. ఊళ్ళో రచ్చబండ దగ్గర ఆడవాళ్ళు కూర్చోవడం మనలో ఎంతమంది చూశాం? ఆ పక్కనుంచి వెళ్ళాల్సివస్తే తల వంచుకుని, చెంగు సవరించుకుని గబగబా నడిచేవాళ్ళం. దళితవాడ నుంచి వచ్చిన మనిషి అరుగెక్కి కూర్చోవడం ఇంకా దూరపు మాట. పేరుపెట్టినవాళ్ళ మనసులో ఇదేమీ లేకపోవచ్చు. కానీ తెరమీది రచ్చబండలకీ ఆ పోలిక కొంత నిజంగానే కుదిరింది. 1990ల్లో అమెరికా యూనివర్సిటీలోనో, సాఫ్ట్‌వేర్ కంపెనీలోనో కంప్యూటర్ ముందున్న తెలుగువాళ్ళు ఎవరు? ఎక్కువమంది మగవాళ్ళు, ఎక్కువమంది పై కులాలవాళ్ళు. అక్కడ రాసిన స్త్రీలు ఉన్నారు, గట్టిగా రాశారు. వాళ్ళ సంఖ్యే తక్కువ.

ఇది తెలుగువాళ్ళ ఒక్కరి సంగతి కూడా కాదు. భాషాశాస్త్రవేత్త సుసాన్ హెర్రింగ్ 1993లో ఈమెయిల్ చర్చాబృందాలని పరిశీలించి రాసిన వ్యాసం నాకు బాగా గుర్తు. తెర వెనక మొహం కనిపించదు కాబట్టి అక్కడ ఆడా మగా తేడా ఉండదని అప్పట్లో గొప్ప ఆశ ఉండేది. ఆవిడ చదువుకున్న ప్రొఫెసర్ల బృందాల్లోనే చూశారు. కొద్దిమంది మగవాళ్ళు ఎక్కువగానూ పొడుగ్గానూ రాస్తున్నారు. స్త్రీలు రాసినవాటికి జవాబులే తక్కువ. జవాబు రాకపోవడం అనేది ఎలాంటి తిట్టో మనకి ఒకరు చెప్పక్కర్లేదు. భోజనాల బల్ల దగ్గర మనం అన్న మాట గాల్లో కలిసిపోయి, అదే మాట ఐదు నిమిషాల తర్వాత బావగారు అంటే అందరూ తలలూపడం చూస్తూ పెరిగినవాళ్ళమే కదా.

అందుకే స్త్రీలు తమ చోటు తాము కట్టుకున్నారు. 1987లో ఆపరేటింగ్ సిస్టమ్స్ మీద జరిగిన ఒక సదస్సులో, వందలమంది మగవాళ్ళ మధ్య చెల్లాచెదురుగా ఉన్న కొద్దిమంది స్త్రీలు ఒకరినొకరు పలకరించుకున్నారు. ఆ పలకరింపుల్లోంచి అనితా బోర్గ్ 'సిస్టర్స్' అనే ఈమెయిల్ బృందాన్ని మొదలుపెట్టారు. కంప్యూటర్ రంగంలో ఉన్న స్త్రీలకి మాత్రమే ప్రవేశం. మగవాళ్ళని రానివ్వకపోవడం వివక్ష కాదా అన్న ప్రశ్న వెంటనే వచ్చింది. ఇటువైపు స్త్రీలు పది మంది కలిసి గది తలుపు వేసుకున్న ప్రతిసారీ వచ్చే ప్రశ్నే అది. 1992లో "లెక్కల క్లాసు కష్టం" అని పలికే బార్బీ బొమ్మ బజారులోకి వచ్చినప్పుడు దాన్ని దుయ్యబట్టినవాళ్ళలో సిస్టర్స్ సభ్యులూ ఉన్నారు. కంపెనీ ఆ మాటని బొమ్మ నోట్లోంచి తీసేసింది. తలుపులు వేసుకుని మాట్లాడుకున్నది బజారుని కదిలించగలదని అప్పుడే తెలిసింది.

మా చిన్న గ్రూపు కూడా అలాంటి గదే. ఫైల్లో ఇంటిపేరు మీద నడిచిన చర్చ ఒకటుంది. 2002లో ఒక అమ్మాయి పెళ్ళయ్యాక పాస్‌పోర్టులో ఇంటిపేరు మార్చుకోవాలా వద్దా అని అడిగింది. వారం రోజుల్లో అందరం సిద్ధాంతాలు చెప్పేశాం. పితృస్వామ్యమన్నాం, నాన్న ఇంటిపేరు మాత్రం ఎవరిదన్నాం, ఇక ముగిసిందనుకున్నాం. అప్పుడొచ్చింది టీచరుగారి ఇన్‌లాండ్ లెటర్, పదకొండు రోజులు ఆలస్యంగా. పదో తరగతి సర్టిఫికెట్‌లో పుట్టింటి పేరు, సర్వీసు రిజిస్టరులో అత్తింటి పేరు. ముప్ఫై ఒక్క ఏళ్ళు పాఠాలు చెప్పాక, పెన్షన్ కోసం "నేను నేనే" అని స్టాంపు కాగితం మీద ప్రమాణం చేయాల్సివచ్చిందట. "ఇంతకీ నేనెవరినో ఆ గుమాస్తాకే తెలియాలి" అని రాశారు. ఆ ఉత్తరంతో చర్చ మళ్ళీ మొదలై ఇంకో నెల నడిచింది. అప్పటిదాకా సిద్ధాంతం మాట్లాడినవాళ్ళం రేషన్ కార్డుల గురించి, ఆస్తి కాగితాల గురించి, విడాకుల తర్వాత ఏ పేరు మిగులుతుందన్న దాని గురించి మాట్లాడాం. ఆలస్యంగా వచ్చిన మాటకి చోటుండబట్టే అది సాధ్యమైంది.

తర్వాత రోజులు వేగంగా మారాయి. యూనికోడ్‌లో తెలుగు 1991 నుంచీ ఉన్నా, మామూలు కంప్యూటర్లలో అక్షరాలు సరిగ్గా కనబడటం 2001లో విండోస్ ఎక్స్‌పీతోనే మొదలైంది. 2006 ప్రాంతంలో 'లేఖిని' లాంటి పరికరాలు వచ్చాక టైపు చేయడం తేలికైంది. తెలుగు బ్లాగులు వందల్లో పుట్టాయి. వాటిని ఒకచోట చూపించే 'కూడలి' లాంటి సంకలినులు వచ్చాయి. కొత్తగా రాసిన స్త్రీలు ఎంతమందో! ఏ సంపాదకుడి గడపా తొక్కకుండా వాళ్ళ పిల్లల గురించి, ఉద్యోగాల గురించి, పుస్తకాల గురించి రాశారు. వాళ్ళలో కొందరు కలిసి 'ప్రమదావనం' అనే బృందాన్నీ పెట్టుకున్నారు. ఇదే కాలంలో పేరులేని వ్యాఖ్యాతలు స్త్రీల బ్లాగుల మీద పడి రాసిన రోత కూడా మర్చిపోకూడదు. బాధపడి బ్లాగులు మూసేసుకున్నవాళ్ళు ఉన్నారు. పాతకాలపు వేదికల గురించి బెంగపడేటప్పుడు నేను ఈ సంగతి నాకు నేనే గుర్తుచేసుకుంటాను.

ఫేస్‌బుక్ 2006 సెప్టెంబరులో అందరికీ తలుపులు తెరిచింది. వాట్సాప్ 2009లో వచ్చింది. 2016లో జియో రాకతో డేటా చవకై ఫోన్లలోకి ఇంటర్నెట్ వరదలా వచ్చింది. ఈ మార్పుని తక్కువ చేసి మాట్లాడటం నాకు ఇష్టం లేదు. ఆర్టీయస్ నేర్చుకునే తీరిక, కంప్యూటర్ కొనే స్తోమతు లేని స్త్రీలు ఫోన్ మీద బొటనవేలితో రాయడం మొదలుపెట్టారు. దళిత, బహుజన, ముస్లిం స్త్రీల గొంతులు పాత వేదికల మీద నేను ఎన్నడూ వినలేదు. వాటిని ఫేస్‌బుక్ గోడల మీదే మొదటిసారి చదివాను. 2017 అక్టోబరులో రాయా సర్కార్ యూనివర్సిటీల్లో లైంగిక వేధింపుల ఆరోపణలున్నవారి జాబితాని ఫేస్‌బుక్‌లో పెట్టినప్పుడు, కొందరు సీనియర్ ఫెమినిస్టులు ఆ పద్ధతిని తప్పుపడుతూ 'కాఫిలా'లో ప్రకటన ఇచ్చారు. తరాల మధ్య, కులాల మధ్య పెద్ద వాదన నడిచింది. ఆ జాబితా మోడరేటర్లున్న పాత ఈమెయిల్ బృందానికి వచ్చి ఉంటే? "పరిశీలనలో ఉంది" అని పక్కన పెట్టేవాళ్ళం. మేమూ అదే చేసేవాళ్ళమని ఒప్పుకోవాలి.

అయితే ఆ వాదన ఇప్పుడెక్కడ ఉంది? కాఫిలా ప్రకటనా, దాని కిందా ఆ తర్వాతా వచ్చిన కొన్ని వ్యాసాలూ చదవగలం. వేల గోడల మీద అమ్మాయిలు రాసుకున్న జవాబులు, వాటికి జవాబులు, రాత్రికి రాత్రి మార్చుకున్న అభిప్రాయాలు ఏరడం ఎవరితరం? గోడ మీద ఎవరి మాట ముందు కనిపించాలో నిర్ణయించేది కంపెనీ లెక్క. పాతది కిందికి జారిపోతుంది. పదకొండు రోజుల తర్వాత వచ్చిన ఇన్‌లాండ్ లెటర్‌కి అక్కడ చోటు లేదు. వాట్సాప్ గ్రూపు పరిమితి 2014లో 100 మంది, 2016లో 256, 2022లో 1,024 దాకా పెరిగింది. చాలాకాలం పాటు కొత్తగా చేరినవాళ్ళకి అంతకుముందు ఏం మాట్లాడుకున్నారో కనబడేది కాదు. ఎవరు వచ్చినా చర్చ మళ్ళీ మొదటినుంచి మొదలు. గుడ్ మాణింగ్ బొమ్మల మధ్య ఇంటిపేరు మీద చర్చ ఇప్పటికీ నడుస్తూనే ఉంది. ప్రతి రెండేళ్ళకీ, అవే మాటలతో.

కాబట్టి వేదికలు అంతరించాయా అంటే, పూర్తిగా లేదు. 2005లో పుట్టిన రెడిట్ 2024 మార్చిలో షేర్ మార్కెట్‌కి ఎక్కింది. ఆ ఏడాదే తన దగ్గరున్న చర్చలని యంత్రాల శిక్షణకి ఇవ్వడానికి గూగుల్‌తో ఒప్పందం చేసుకుంది. కోట్లమంది ఊరికే మాట్లాడుకున్న మాటలు సరుకయ్యాయి. అదే సమయంలో, 2008లో మొదలైన స్టాక్ ఓవర్‌ఫ్లో అనే ప్రోగ్రామర్ల వేదికలో, 2022 చివర ఛాట్‌జీపీటీ వచ్చాక కొత్త ప్రశ్నలు బాగా తగ్గిపోయాయి. పెద్దవి కంపెనీల ఆస్తులుగా బతుకుతున్నాయి. మనలాంటివాళ్ళు పాతిక మంది కలిసి నడుపుకున్న చిన్నవే చడీచప్పుడు లేకుండా పోయాయి. ఆర్కుట్ 2014 సెప్టెంబరు 30న మూతపడింది. యాహూ గ్రూప్స్ 2019 అక్టోబరులో తన దగ్గరున్న పాత ఉత్తరాలు తీసేస్తానని ప్రకటించి, 2020 డిసెంబరు 15న మొత్తంగా ఆగిపోయింది. తెలుగు బ్లాగుల సంకలినులు చాలావరకు ఒకటొకటిగా ఆగిపోయాయి. అన్నిటికంటే పాతదైన యూజ్‌నెట్‌కి కాస్త అదృష్టముంది. గూగుల్ 2024 ఫిబ్రవరి 22 నుంచి కొత్త ఉత్తరాలు తీసుకోవడం మానేసినా పాతవి చదువుకోవడానికి ఉంచుతానంది. అంటే 1993లో మగవాళ్ళు ఛందస్సు మీద వాదించుకున్నది దొరుకుతుంది. 2003లో స్త్రీలు తమ గది తలుపు వేసుకుని మాట్లాడుకున్నది దొరకదు.

దీన్ని నూరేళ్ళ కిందటి సంగతితో పోల్చి చూస్తే భయం వేస్తుంది. భండారు అచ్చమాంబ 'దంపతుల ప్రథమ కలహం', 'ధనత్రయోదశి' కథలు 1902లో 'హిందూసుందరి' పత్రికలో వచ్చాయి. 1905లో ఆవిడ చిన్న వయసులోనే చనిపోయారు. దశాబ్దాల తరబడి తెలుగు తొలి కథ అంటే గురజాడ 1910లో రాసిన 'దిద్దుబాటు' అనే చదువుకున్నాం. పాత సంచికలు ఎక్కడో బీరువాల్లో మిగిలి ఉండబట్టి, వాటిని వెతికి తీసినవాళ్ళు ఉండబట్టి ఆ ప్రశ్న మళ్ళీ తెరుచుకుంది. 1910లో బెంగుళూరు నాగరత్నమ్మ 'రాధికా సాంత్వనము'ని తిరిగి అచ్చు వేయించకపోతే, ఆ తర్వాత నిషేధం, దాని మీద పోరాటం ఏదీ మన చరిత్రలో ఉండేది కాదు. 'నల్లపొద్దు' సంకలనం 1921 నుంచి దళిత స్త్రీలు రాసినదాన్ని ఒకచోట చేర్చింది. ఇవన్నీ కాగితం మిగలడం వల్ల జరిగిన పనులు. చెదపురుగుల్నీ వానల్నీ తట్టుకుని 1902 నాటి స్త్రీ మాట మనదాకా వచ్చింది. 2002 నాటి మాట ఇరవై ఏళ్ళు కూడా నిలవలేదు.

ఇక్కడ ఇంకో లెక్క కూడా చెప్పాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడారా అని అడిగితే, అవునన్న స్త్రీలు ఆంధ్రప్రదేశ్‌లో 21 శాతం, తెలంగాణలో 26.5 శాతం. మగవాళ్ళు వరసగా 48.8, 57.4 శాతం. తర్వాత ఫోన్లు పెరిగాయి, నిజమే. కానీ మనం 'అందరూ అక్కడే ఉన్నారు' అని చెప్పుకుంటున్న రోజుల్లో కూడా నలుగురిలో ముగ్గురు స్త్రీలు బయటే ఉన్నారు. మా టీచరుగారిలాగా. వాళ్ళకోసం ఎవరైనా ప్రింటు తీసి ఉంటే వాళ్ళూ మాట్లాడేవారు, మన మాటా మిగిలేది.

అన్నీ దాచుకోవాలా అన్నది అంత సులువైన ప్రశ్నేమీ కాదు. తలుపు వేసుకున్న గదిలో మాట్లాడుకున్నాం గనకే కొన్ని మాటలు అనగలిగాం. ఫైలు స్కాన్ చేసుకుంటానని ఆ విద్యార్థిని అడిగినప్పుడు, అందులో రాసిన ప్రతి ఒక్కరికీ ఫోన్ చేశాను. ఎక్కువమంది సంతోషంగా సరేనన్నారు. ఒకామె తన పేరు తీసేయమంది. టీచరుగారి అబ్బాయి "అమ్మ ఉంటే ఇవ్వమనే అనేదండీ" అన్నాడు. ఇంకొకామె చాలాసేపు మాట్లాడలేదు. ఆమె అప్పట్లో రాసిన నాలుగు పేజీల ఉత్తరంలో ఉన్నది ఆమె భర్త సంగతి. ఆ ఉత్తరం చదివి మేం ఎలా కదిలిపోయామో, ముగ్గురం బస్సెక్కి ఆమె ఇంటికి ఎలా వెళ్ళామో మాకు మాత్రమే తెలుసు. "ఇప్పుడు మనవరాలు పుట్టింది. వద్దు" అంది.

ఆ అమ్మాయికి ఈ సంగతి చెప్పాను. పరిశోధనకి అదే అన్నిటికంటే విలువైన ఉత్తరమని ఇద్దరికీ తెలుసు. ఆమె ఒత్తిడి చేయలేదు. ఇద్దరం కూర్చుని ఫైల్లోంచి ఆ నాలుగు పేజీలూ తీశాం. ఒరిజినల్ రాసినామెకే పంపేశాను. దాని స్థానంలో ఒక తెల్లకాగితం పెట్టి, మీద తేదీ వేసి ఇలా రాశాను: "ఇక్కడ నాలుగు పేజీల ఉత్తరం ఉంది. పదమూడు మంది జవాబు రాశారు. రాసినామె ఇవ్వవద్దన్నారు." తర్వాత మిగతా కాగితాలన్నీ వరసగా లెక్కపెట్టి, నంబర్లు వేసి ఆ అమ్మాయి చేతిలో పెట్టాను.